తాగి చిందేస్తున్న రైతులు: ఫ్లెమిష్ చిత్రాల్లో ఉన్నది వేడుకా, వెక్కిరింపా?

16వ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ వేసిన 'రైతు పెళ్లి' ముందు నిలబడిన ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడతారు. పల్లె జీవితం మీద ప్రేమతో వేసిన బొమ్మ అంటారు ఒకరు. తిండిబోతుతనం, తాగుడు ఎంత చెడ్డవో చెప్పే పాఠం అంటారు మరొకరు. పట్నంలో డబ్బున్నవాళ్లు పల్లెవాళ్లను చూసి నవ్వుకోవడానికి వేయించుకున్నది అంటారు ఇంకొకరు. ముగ్గురి దగ్గరా ఆధారాలున్నాయి. 1970ల నుంచి కళాచరిత్రకారులు ఈ విషయం మీదే గట్టిగా వాదించుకుంటున్నారు.

బ్రూగెల్ మనసులో ఏముందో తేల్చాలని కూర్చుంటే ఈ చిక్కు విడదు, ఎందుకంటే ఆయన తన చిత్రాల గురించి రాసిపెట్టినది ఒక్క వాక్యం కూడా మనకు దక్కలేదు. దక్కినవి వేరే ఉన్నాయి: ఆ బొమ్మ కాగితం మీద అచ్చైందా, చెక్క మీద రంగుల్లో వేసిందా, దాని కింద రాత ఉందా, ఎవరు కొన్నారు, ఇంట్లో ఏ గదిలో పెట్టుకున్నారు. ఇవి చూస్తే మూడు వాదనల్లో ఏది ఏ బొమ్మకు ఎంతవరకు సరిపోతుందో చాలావరకు తెలుస్తుంది.

ఫ్లెమిష్, జాన్ర్, కెర్మిస్ అంటే ఏమిటి

నేటి బెల్జియం ఉత్తర భాగాన్ని, అక్కడి డచ్ మాట్లాడే జనాన్ని ఫ్లెమిష్ అంటున్నాం. 16వ శతాబ్దంలో ఫ్లాండర్స్ ఒక ప్రాంతం, దాని పక్కనే ఉన్న బ్రబాంట్ మరో ప్రాంతం. ఈ చిత్రాలు పుట్టిన ఆంట్వెర్ప్, బ్రస్సెల్స్ రెండూ బ్రబాంట్‌లోవే. అన్నింటినీ కలిపి ఫ్లెమిష్ అనడం తర్వాత స్థిరపడిన వాడుక. అప్పట్లో ఈ ప్రాంతాలన్నీ హాబ్స్‌బర్గ్ రాజవంశం చేతిలో ఉండేవి.

దేవుళ్లు, పురాణాలు, రాజులు, యుద్ధాలు కాకుండా పేరు తెలియని మామూలు మనుషుల తిండి, పని, ఆట, తగాదా విషయంగా వేసిన బొమ్మను జాన్ర్ చిత్రం అంటారు. ఆ పేరు చాలా తర్వాత వచ్చింది. బ్రూగెల్ కాలంలో కొనేవాళ్లు 'రైతుల పెళ్లి బొమ్మ', 'కెర్మిస్ బొమ్మ' అని విషయం పేరుతోనే పిలిచేవారు.

ఊరి చర్చిని ప్రతిష్ఠించిన రోజునో, ఆ చర్చి పునీతుడి పండుగ నాడో ఏటా జరిగే ఉత్సవం కెర్మిస్. మన ఊళ్ల తిరునాళ్ల లాంటిది: పొద్దున ఊరేగింపు, పూజ, తర్వాత అంగళ్లు, నాటకాలు, విలువిద్య పోటీలు, చీకటి పడేదాకా తాగుడు, చిందులు. ఈ చిత్రాల్లో కనిపించే వేడుకలు ప్రధానంగా రెండే: కెర్మిస్, పెళ్లి. రెండింట్లోనూ తిత్తి ఊదే వాద్యం, అంటే బ్యాగ్‌పైపు, దాదాపు తప్పకుండా ఉంటుంది.

వేడుకల మీద రాజు కన్ను

1531లో ఐదవ చార్లెస్ చక్రవర్తి ఒక శాసనం చేశాడు. కెర్మిస్‌ను ఒక్కరోజుకు కుదించాలని, పెళ్లికి ఇరవై మందికి మించి అతిథులను పిలవకూడదని అందులో ఉంది. పండుగల్లో తాగుడు, కొట్లాటలు, పనిదినాలు పోవడం అధికారుల ఫిర్యాదు. చర్చి సంస్కరణలు కోరేవాళ్ల ఫిర్యాదు వేరు: దేవుడి పేరు మీద మొదలైన పండుగలో దేవుడు మిగలడం లేదని.

శాసనాలు చేయడం తేలిక, ప్రతి ఊళ్లో అమలు చేయడం కష్టం. పండుగలు ఆగలేదు. అయితే ఈ నేపథ్యం తెలిశాక బొమ్మలో మనుషుల సంఖ్యకు కూడా అర్థం వస్తుంది. అమెరికాలో డెట్రాయిట్ మ్యూజియంలో ఉన్న బ్రూగెల్ 'పెళ్లి నృత్యం' (1566) లో సుమారు 125 మంది ఉన్నారు. శాసనం ఒప్పుకునే సంఖ్యకు అది ఆరు రెట్లు. వియన్నాలోని 'రైతు పెళ్లి' చూడండి: బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఇరవైకి కాస్త అటూ ఇటూ ఉంటారు, కానీ వెనక గుమ్మం దగ్గర జనం లోపలికి తోసుకొస్తున్నారు. చిత్రకారుడు ఆ శాసనాన్ని ఎత్తిచూపాలనే ఇలా వేశాడని రుజువు లేదు. ఆ నిబంధన మాత్రం అప్పటికి మూడు దశాబ్దాలుగా అందరికీ తెలిసినదే.

ఆ చిత్రాల కాలం కూడా గుర్తుంచుకోవాలి. 1565 చలికాలం తర్వాత ధాన్యం ధరలు పెరిగాయి. 1566 ఆగస్టులో చర్చిల్లోని విగ్రహాలను పగలగొట్టే అల్లర్లు చెలరేగాయి. ఏడాది తిరిగేసరికి, ఈ ప్రాంతాలకూ పాలకుడైన స్పెయిన్ రాజు పంపిన ఆల్వా డ్యూక్ సైన్యంతో బ్రస్సెల్స్‌లో దిగాడు. బ్రూగెల్ 1563 నుంచి అదే నగరంలో ఉంటున్నాడు. కడుపు నిండా తింటున్న రైతుల బొమ్మలు వచ్చింది ఈ రోజుల్లోనే.

అచ్చుబొమ్మలో నీతి ఎక్కడి నుంచి వచ్చింది

రైతుల పండుగను అచ్చుబొమ్మగా అమ్మడం బ్రూగెల్ కనిపెట్టింది కాదు. జర్మనీలో న్యూరెంబర్గ్‌కు చెందిన సెబాల్ట్ బెహామ్ 1530ల్లోనే చెక్క అచ్చులతో పెద్ద కెర్మిస్ దృశ్యాలు తీశాడు. ఆంట్వెర్ప్‌లో ఈ వ్యాపారానికి హీరోనిమస్ కాక్ ప్రచురణశాల పెద్ద కేంద్రం. బ్రూగెల్ మొదట పేరు తెచ్చుకున్నది అక్కడే, అచ్చుకు బొమ్మలు గీసిచ్చే కళాకారుడిగా.

పని ఇలా సాగేది. కళాకారుడు కాగితం మీద కలంతో బొమ్మ గీసిస్తాడు. చెక్కేవాడు దాన్ని రాగిరేకు మీదికి దించి, గీతలను పనిముట్టుతో చెక్కుతాడు లేదా యాసిడ్‌తో కొరికిస్తాడు. రేకుకు సిరా పూసి, పైన తుడిచి, గీతల్లో మిగిలిన సిరాను తడి కాగితం మీదికి యంత్రంతో నొక్కుతారు. అచ్చులో బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతుంది. అందుకని గీసేటప్పుడే కుడిచేతి పనిని ఎడమచేత్తో చేస్తున్నట్టు చూపాలి, లేకపోతే అచ్చులో ఊరంతా ఎడమచేతి వాటం వాళ్లే కనిపిస్తారు. ఆఖరున రేకు అడుగున ఖాళీలో పద్యం చేరుతుంది. చాలాసార్లు అది చిత్రకారుడిది కాదు, ప్రచురణకర్త రాయించినది.

ఈ ఆఖరి సంగతి వాదనకు ప్రాణం. 1559లో బ్రూగెల్ గీసిన హోబోకెన్ కెర్మిస్ బొమ్మ అచ్చైనప్పుడు దాని కింద వచ్చిన పద్యం సారాంశం ఇది: ఇలాంటి పండుగల్లో రైతులకు మహా సంబరం, చిందులేసి ఎగిరి పశువుల్లా తాగుతారు, పస్తులుండి చలికి చచ్చినా సరే, కెర్మిస్ మాత్రం జరుపుకోవాల్సిందే. వెక్కిరింపు సూటిగానే ఉంది. దాదాపు అదే కాలంలో కాక్ ప్రచురించిన సెయింట్ జార్జ్ కెర్మిస్ బొమ్మలో సత్రం దగ్గర ఎగురుతున్న జెండా మీద రాసింది మాత్రం 'రైతులను వాళ్ల కెర్మిస్ జరుపుకోనివ్వండి' అని. ఒకే కళాకారుడు, ఒకే విషయం, రెండు గొంతులు. పైగా ఈ జెండా మాట బొమ్మ కింద అతికించింది కాదు, దృశ్యం లోపలే ఉంది. రెండింటిలో ఒకదాన్నే ఉదహరించి బ్రూగెల్ అభిప్రాయం ఇదని తేల్చేవాళ్లు సగం సాక్ష్యాన్ని పక్కన పెడుతున్నట్టే.

హోబోకెన్ విషయంలో మరో వివరం ఉంది. అది ఆంట్వెర్ప్ గోడలకు బయట, దగ్గర్లోనే ఉన్న ఊరు. నగరంలో బీరు మీద పన్ను ఎక్కువ, బయట తక్కువ. కాబట్టి సెలవు రోజున తాగడానికి పట్నం జనమే గుంపులుగా అక్కడికి వెళ్లేవారు. ఆ పద్యం రైతుల మీద వేసిన నింద ఆ రోజు అక్కడున్న పట్నవాసులకూ తగలాలి.

'రైతు పెళ్లి' దగ్గరగా చూస్తే

రంగుల చిత్రంలో పద్యం లేదు, జెండా మీద మాటలు లేవు. వియన్నాలోని 'రైతు పెళ్లి' 1568 ప్రాంతపు పని. ఓక్ చెక్క మీద తైలవర్ణాలు, సుమారు 114 సెంటీమీటర్ల ఎత్తు, 164 సెంటీమీటర్ల వెడల్పు. ఓక్ పలకలను జతచేసి, సుద్ద, జిగురు కలిపిన తెల్లని పూత వేసి, నునుపు చేసి, దాని మీద పలచగా రంగు వేయడం అక్కడి పద్ధతి. బ్రూగెల్ మరీ పలచగా వేస్తాడు. బట్టల మడతలు, నీడలు తగ్గించి, ఒక్కో మనిషిని ఒకే రంగు ముద్దగా, స్పష్టమైన అంచుతో నిలబెడతాడు. దూరం నుంచి చూసినా ప్రతి శరీరం బరువు తెలిసేది అందుకే.

దృశ్యం ధాన్యపు కొట్టంలో. వెనక గోడలా కనిపించేది నిజానికి కప్పుదాకా పేర్చిన పంట. దానికి గుచ్చిన దంతె మీద రెండు పనలు వేలాడుతున్నాయి. కోతలు అయ్యాయి, గింజ ఇంటికి చేరింది. బల్ల కుడివైపు ముందు నుంచి ఎడమవైపు వెనక్కు ఏటవాలుగా సాగుతుంది. దానివల్ల చూసేవాళ్లు కూడా బల్ల చివర నిలబడ్డట్టు ఉంటుంది. పెళ్లికూతురిని పోల్చుకోవడం తేలిక: వెనక ఆకుపచ్చ గుడ్డ కట్టి, పైన కాగితపు కిరీటం వేలాడదీశారు. చేతులు జోడించుకుని, కళ్లు దాదాపు మూసుకుని కూర్చుంది. తినడం లేదు.

వడ్డనకు పళ్లెం చాలక, గుమ్మం తలుపు ఊడదీసి, కర్రల మీద పెట్టి ఇద్దరు మోస్తున్నారు. దాని మీద గిన్నెల్లో తెల్లగా, పసుపుపచ్చగా జావలాంటి వంటకం. మాంసం పెద్దగా లేదు. ఎడమవైపు ఒకడు పెద్ద జాడీ నుంచి చిన్న కూజాల్లోకి పోస్తున్నాడు, పక్కన బుట్టనిండా ఖాళీ కూజాలు. నేల మీద కూర్చున్న పిల్ల గిన్నెను వేలితో నాకుతోంది. తలకు మించిన ఎర్ర టోపీ, దానికి నెమలి ఈక. తిత్తి ఊదేవాళ్లు ఇద్దరు. అందులో ఒకడు ఊదడం ఆపి వస్తున్న గిన్నెల వంక చూస్తున్నాడు. నాకు ఈ చిత్రమంతటిలో అత్యంత నిజమైన ముఖం అతనిదే అనిపిస్తుంది: ఆకలి ఉంది, సిగ్గు లేదు, దురాశ కూడా లేదు.

ఇక ప్రసిద్ధమైన చిక్కుముడులు. పెళ్లికొడుకు ఎవరు? అక్కడి ఆచారం ప్రకారం అతను పెళ్లికూతురి పక్కన కూర్చోకపోవచ్చు, అతిథులకు వడ్డించవచ్చు. దీన్నిబట్టి బల్ల చివర గిన్నెలు అందిస్తున్నవాడని కొందరు, పానీయం పోస్తున్నవాడని మరికొందరు అంటారు. బల్ల ఇవతల నల్లదుస్తుల్లో కూజా చాస్తున్నవాడని ఇంకొందరు. పెళ్లికూతురి పైన కిరీటం ఉండి పెళ్లికొడుకుకు ఏ గుర్తూ లేకపోవడం వల్ల ఇది తేలే విషయం కాదు. తలుపు మోస్తున్నవాళ్ల కాళ్ల దగ్గర ఒక పాదం ఎక్కువ కనిపిస్తుందనేది మరో ప్రశ్న. అది గిన్నెలు అందిస్తున్న మనిషిదని సాధారణ వివరణ. కుడి చివర సన్యాసితో మాట్లాడుతున్న కత్తిధారి పెద్దమనిషి బ్రూగెల్ స్వయంగా అన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ దానికి ఆధారం లేదు. అతను ఎవరైనా, బల్ల దగ్గరి మిగతావాళ్ల వర్గం వాడు కాదు. బయటినుంచి వచ్చి చూస్తున్న మనిషిని చిత్రం తన అంచునే కూర్చోబెట్టుకుంది.

ఒకే బొమ్మ, మూడు తీర్పులు

పోలిక కోసం వియన్నాలోనే ఉన్న 'రైతు నృత్యం' తీసుకుందాం. కాలం, కొలత దాదాపు 'రైతు పెళ్లి'వే. ఊరి నడివీధి. కుడివైపు నుంచి ఒక జంట పరుగున వస్తోంది. ఎడమవైపు తిత్తి వాయించేవాడి పక్కన ఒక యువకుడు కూజా పట్టుకుని కూర్చున్నాడు, అతని టోపీకి నెమలి ఈక. వెనక బల్ల దగ్గర వాదులాట, దాని పక్కనే ఒక జంట ముద్దుపెట్టుకుంటోంది. ముందు ఇద్దరు పిల్లలు పెద్దవాళ్లను చూసి అడుగులు వేస్తున్నారు. చర్చి దూరంగా వెనక. కుడివైపు చెట్టుకు మేరీమాత పటం.

డచ్ పండితుడు హెసెల్ మీడెమా 1977లో వినిపించిన నీతి వాదన ప్రకారం ఇది పాపాల జాబితా. నెమలి ఈక గర్వం, ముద్దు కామం, బల్ల దగ్గరిది తిండిబోతుతనం, కోపం. చర్చిని ఎవరూ చూడరు, మేరీ పటాన్ని ఎవరూ తలెత్తి చూడరు, పిల్లలు కూడా ఇదే నేర్చుకుంటున్నారు. తిత్తి వాద్యాన్ని ఆ కాలంలో కామానికి గుర్తుగా వాడేవారన్నది ఈ వాదనకు బలం. బలహీనత ఏమిటంటే, ప్రతి వస్తువునూ ఇలా సంకేతంగా చదివితే పండుగ బొమ్మ ఏది వేసినా పాపం బొమ్మే అవుతుంది. చర్చి లేకపోతే దేవుణ్ణి మరిచారని, ఉంటే పట్టించుకోలేదని అనొచ్చు.

కళాచరిత్రకారిణి స్వెట్లానా ఆల్పర్స్ అంతకు కొన్నేళ్ల ముందే దీన్ని హాస్యంగా చూడాలన్నారు. ఆ నగరాల్లో కవితా సంఘాలు పోటీలు పెట్టి నాటకాలు ఆడేవి. 1561లో ఆంట్వెర్ప్‌లో జరిగిన పోటీ చాలా పెద్దది. మోటు రైతు వాటి ప్రహసనాల్లో నవ్వించే పాత్ర. ఆ నవ్వులో ఆప్యాయత, ఆసక్తి ఉన్నాయని, ఏడాదికోసారి కట్టు వదిలే హక్కు మనుషులకు ఉందన్న ఒప్పుకోలు ఉందని ఆమె వాదన. ఇక్కడి బలహీనత: పైవాడు కిందివాణ్ణి చూసి నవ్వే నవ్వులో ఆప్యాయత ఎంతో, చులకన ఎంతో కొలిచే సాధనం లేదు.

మూడోది రాజకీయ వాదన. మరో కళాచరిత్రకారిణి మార్గరెట్ కారల్ దీన్ని 1980ల్లో ముందుకు తెచ్చారు. పరాయి పాలన స్థానిక ఆచారాలను కుదిస్తున్న రోజుల్లో, మా పండుగలు, మా పాత అలవాట్లు అని చెప్పుకోవడానికి ఈ బొమ్మలు పనికొచ్చాయన్నది దీని సారం. 1531 శాసనం, 1566 కల్లోలం దీనికి అండ. కానీ 'రైతు పెళ్లి'ని 1594లో బ్రస్సెల్స్‌లో కొన్నది హాబ్స్‌బర్గ్ రాకుమారుడే, ఆర్చ్‌డ్యూక్ ఎర్నెస్ట్. నిరసన బొమ్మగా పేరు పడి ఉంటే పాలకుడి సేకరణలోకి అంత సులువుగా చేరేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

నా అంచనా ఇది. అచ్చుబొమ్మల విషయంలో నీతి వాదన గట్టిది, ఎందుకంటే అక్కడ నీతి అక్షరాల్లో ఉంది. 1566 తర్వాతి పెద్ద రంగుల చిత్రాల్లో అది పలచబడుతుంది. పాత కెర్మిస్ బొమ్మల్లో రైతులు పైనుంచి చూసిన చిన్న గుంపు. ఇక్కడ మన కంటి ఎత్తులో, మనంత మనుషులు. ఎగతాళి చేయడానికి వేసేవాడు బరువు మోసే మోచేతిని, ఆకలిగొన్న వాద్యగాడి చూపును ఇంత శ్రద్ధగా పట్టుకోడు. బ్రూగెల్ మిత్రుడు, భూగోళ శాస్త్రవేత్త అబ్రహాం ఓర్టెలియస్ ఆయన గురించి రాస్తూ, ఆయన పనుల్లో గీసినదానికంటే ఆలోచన ఎప్పుడూ ఎక్కువే అన్నాడు. ఆ ఆలోచన ఏమిటో చెప్పలేదు.

భోజనాల గదిలో వేలాడిన పెళ్లి

కొన్నవాళ్ల గురించి తెలిసిన కొద్ది వివరాలు చాలా విలువైనవి. నికోలాస్ యోంగెలింక్ అనే ఆంట్వెర్ప్ వర్తకుడి దగ్గర 1566 నాటికి 16 బ్రూగెల్ చిత్రాలున్నాయి. ఆ నగర టంకశాల అధికారి జాన్ నోయిరో అప్పులపాలై 1572లో అతని ఆస్తి లెక్కరాసినప్పుడు బ్రూగెల్ వేసిన రైతుల వేడుకల చిత్రాలు బయటపడ్డాయి. అవి ఉన్నది భోజనాల గదిలో.

అంటే పట్నంలో ధనవంతుల విందు జరుగుతున్నప్పుడు ఎదురుగా గోడ మీద రైతుల విందు. అతిథులు తింటూ, తాగుతూ దాన్ని చూశారు. కొందరు తమ మర్యాద ఎంత గొప్పదో అనుకుని ఉంటారు. రెండో కూజా తర్వాత ఆ తేడా తగ్గి, ఎదుటి బొమ్మ అద్దంలా కూడా కనిపించి ఉండొచ్చు. పద్యం లేని బొమ్మ ఇలాంటి చోట మాటకు మాట పుట్టిస్తుంది. ఒకే తీర్పు చెప్పే బొమ్మకు ఆ పని చేతకాదు.

మారువేషం కథను ఎంత నమ్మాలి

బ్రూగెల్ స్వయంగా రైతు అనీ, అందుకే రైతులను వేశాడనీ చాలాకాలం నమ్మారు. నిజానికి ఆయన 1551లో ఆంట్వెర్ప్ చిత్రకారుల సంఘంలో సభ్యుడు, ఇటలీ తిరిగొచ్చినవాడు, నగరంలోని పండితులకు స్నేహితుడు. చిత్రకారుల జీవితాలు రాసిన కారెల్ వాన్ మాండర్ 1604లో రాసిన జీవితకథ మరో చిత్రం ఇచ్చింది: హాన్స్ ఫ్రాంకెర్ట్ అనే వర్తకుడితో కలిసి రైతుల బట్టలు వేసుకుని, చదివింపులు పట్టుకుని, పెళ్లికూతురి తరఫునో పెళ్లికొడుకు తరఫునో బంధువులమని చెప్పి పెళ్లిళ్లకు వెళ్లేవాడని. ఈ రాత బ్రూగెల్ చనిపోయిన 35 ఏళ్ల తర్వాతిది. ప్రతి వివరాన్నీ నమ్మనక్కర్లేదు. కానీ 1600 నాటి పాఠకులు ఈ బొమ్మలను ఎలా చూశారో దీనివల్ల తెలుస్తుంది: దగ్గరికెళ్లి చూసినవాడి పనిగా, చూస్తే నవ్వు ఆగని పనిగా.

కొడుకులు, నకళ్లు, ఆ తర్వాత

1569లో బ్రూగెల్ పోయేనాటికి పెద్దకొడుకు పీటర్‌కు ఐదేళ్లు. పెద్దయ్యాక అతని పనిశాల తండ్రి బొమ్మలను వరసగా నకలు తీసింది. కాగితం మీది నమూనాకు గీతల వెంట సూదితో రంధ్రాలు చేసి, చెక్క మీద పెట్టి, బొగ్గుపొడి అద్ది బొమ్మ దించేవారు. ఆరుబయట పెళ్లి నృత్యం లాంటివి ఇలా పదేపదే పుట్టాయి. అందులో పెళ్లికూతురు బల్ల దగ్గర కూర్చుంటే ఎదుట పళ్లెంలో చదివింపుల డబ్బు పడుతుంటుంది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో తండ్రి పేరుతో తిరిగే చాలా బొమ్మలు కొడుకువే. సంతకం కొంత సాయపడుతుంది: తండ్రి 1559 ప్రాంతం నుంచి పేరులోని 'హెచ్' అక్షరం తీసేశాడు, కొడుకులు మళ్లీ చేర్చుకున్నారు. మరో పొరపాటుకు కూడా అవకాశముంది. డెట్రాయిట్ చిత్రంలో మగవాళ్ల బిగుతు దుస్తుల్లో తొడల మధ్య ఉబ్బెత్తుగా కుట్టిన భాగాలను తర్వాతి కాలంలో ఎవరో రంగుతో కప్పేశారు. 20వ శతాబ్దంలో శుభ్రం చేసినప్పుడు బయటపడ్డాయి. కప్పిన కాలంలో చూసినవాళ్లు వేరే బొమ్మను చూసినట్టే.

తర్వాతి తరం ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ 1635 ప్రాంతంలో వేసిన 'కెర్మిస్' ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. అందులో రైతులు ఒకరినొకరు పెనవేసుకుని సుడిలా తిరుగుతారు. బ్రూగెల్ మనుషుల బరువు పోయి, ఆ స్థానంలో పురాణాల మదిరోత్సవాల ఊపు వచ్చింది. దీన్ని కూడా సంబరమనేవాళ్లు, హెచ్చరిక అనేవాళ్లు ఉన్నారు.

పాలకుల వైఖరి ఈలోపే మారింది. బ్రూగెల్ చిన్నకొడుకు యాన్ వేసిన ఒక పెళ్లివిందు చిత్రంలో, మాడ్రిడ్‌లోని ప్రాడోలో ఉన్న దానిలో, ఆల్బర్ట్, ఇసబెల్లా పాలక దంపతులే పల్లె పెళ్లికి పెద్దలుగా కూర్చున్నారు. ఒకప్పుడు అతిథుల సంఖ్య లెక్కపెట్టిన వంశమే ఇప్పుడు విందులో పీట వేసుకుంది. యాన్ కూతురు అనాను 1637లో పెళ్లాడిన చిత్రకారుడు డేవిడ్ టెనియర్స్ ఇంకో అడుగు వేశాడు. అతని కెర్మిస్‌లలో రైతులు చిన్నగా, శుభ్రంగా ఉంటారు. వాళ్ల పక్కన పట్టుబట్టలు కట్టిన పట్నం కుటుంబం ఒకటి తరచూ నిలబడి నృత్యం చూస్తుంటుంది.